రిజిస్టరులో ఖాళీ గడి

(కోనసీమ లంక గ్రామాల్లో పనిచేసే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు (సీహెచ్ఓలు), ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) వైద్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పొద్దున్నే పంటు మీద పాయ దాటి వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. మళ్ళీ చీకటి పడకముందే రేవుకి చేరుకోవాలి. అందుకని సరాసరి విషయంలోకి వస్తాను.

మీ అందరి దగ్గరా మానసిక రోగుల రిజిస్టరు ఉంటుంది. పేరు, వయసు, ఊరు, మందు, మోతాదు, ఆ పక్కన నెలనెలా వచ్చిన తేదీ వేసే గళ్ళు. వాటిలో కొన్ని ఖాళీగా ఉంటాయి. ప్రైవేటు క్లినిక్కులో రాని మనిషి ఆ రోజు లెక్కలోకే రాడు. వచ్చినవాళ్ళని చూసి పంపిస్తారు, వాళ్ళ పని అంతవరకే. మనది ఊరందరి డబ్బుతో నడిచే సేవ. ఊళ్ళో ఉన్న ప్రతి మనిషీ, వచ్చినా రాకపోయినా, మన రోగే. గౌరవం, సమానత్వం, గోప్యత అని గోడమీద రంగులతో రాయించుకుంటాం. ఆ రాతలు నిజమో కాదో తేలేది ఆ ఖాళీ గడి దగ్గర. ఈ పూట నేను మాట్లాడేదంతా దాని గురించే.

ముందు చిన్న లెక్క. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మన రాష్ట్రం అందులో లేదు. అయినా అంచనా కట్టుకోవడానికి పనికొస్తుంది. పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. తీవ్రమైన జబ్బులు, అంటే స్కిజోఫ్రెనియా (లేనివి వినపడడం, లేనిపోని అనుమానాలు), బైపోలార్ (ఉద్రేకం, దిగులు మారిమారి రావడం) లాంటివి, ఆ సమయంలో ఉన్నవాళ్ళు నూటికి ఒకరి కంటే కాస్త తక్కువ. ఒక ఆశా కార్యకర్త చూసేది సుమారు 1,000 జనాభా. అందులో పెద్దవాళ్ళు 700 మంది అనుకుందాం. అంటే 70 మందికి పైగా బాధపడుతున్నవాళ్ళు, వాళ్ళలో ఐదారుగురు తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళు. మీ రిజిస్టరులో ఎన్ని పేర్లున్నాయో మనసులో లెక్కేసుకోండి. అదే సర్వే ప్రకారం జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. కాబట్టి రిజిస్టరులో ఖాళీ గడే కాదు, అసలు వరసే లేని మనుషులు కూడా ఉన్నారు.

వాళ్ళు ఎందుకు కనపడరు? 30 ఏళ్ళు దాటినవాళ్ళకి జబ్బుల ముప్పు తెలుసుకోవడానికి మీరు ఇంటింటా నింపే సీబ్యాక్ ఫారంలో రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, మనసు కుంగిపోయినట్టు ఉందా అని. మంచి ప్రశ్నలు. రెండిటికీ కలిపి మార్కులు 3 దాటితే సీహెచ్ఓ దగ్గరికో వైద్యుడి దగ్గరికో పంపించాలి. కానీ అరుగు మీద కూర్చుని, పక్కన అత్తగారు బియ్యం ఏరుకుంటుంటే కోడల్ని ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతుంది? "ఏం లేదండి, బానే ఉన్నాను" అంటుంది. సున్నా వేసుకుని మనం పక్కింటికి వెళ్ళిపోతాం. అదీకాక మన వైపు "నిరాశగా ఉందా" అంటే ఎవరికీ తగలదు. దిగులు, బెంగ, మనాది, గుండె దడ, నరాల నీరసం, నిద్ర పట్టట్లేదు, తిన్నది ఒంటబట్టట్లేదు, ఇవీ మనవాళ్ళు వాడే మాటలు. కువైట్ వెళ్ళిన తల్లి కోసం ఇక్కడ బెంగెట్టుకున్న పిల్ల కడుపునొప్పి అంటుంది. కౌలు అప్పు మీద పడ్డ రైతు తలనొప్పి అంటాడు. బీపీ చూస్తానని లోపలికి తీసుకెళ్ళండి, పట్టీ బిగించి గాలి కొడుతూ అడగండి. ఆ రెండు నిమిషాలు గదిలో మీరిద్దరే ఉంటారు. చాలా ఇళ్ళల్లో ఆడమనిషికి దొరికే ఏకాంతం అంతే.

ఇక రిజిస్టరులోకి ఎక్కి తర్వాత జారిపోయేవాళ్ళ సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్యం ప్రతి మనిషికీ హక్కు. మనిషి ఉన్నచోటికి దగ్గరలో ఆ వైద్యం దొరకాలి, దూరాభారం పడి తిరగాల్సిన పని ఉండకూడదు. ఇప్పుడు ఒక లంక నుంచి కాకినాడ పెద్దాసుపత్రి దాకా వెళ్ళడమంటే ఏమిటో చూడండి. రేవు దాకా నడక, పంటు, ఆటో, బస్సు, మళ్ళీ ఆటో, ఓపీ చీటీ, వరస. రోగి ఒక్కడే వెళ్ళలేడు, వెంట మరొకరు కావాలి. అంటే ఒక్క మందుల చీటీకి రెండు కూలీలు పోతాయి. ఊడ్పులప్పుడూ మాసూళ్ళప్పుడూ ఆ రెండు కూలీలు వదులుకోమంటే ఎవరూ వదులుకోరు. సార్వా ఊడ్పులకీ, సార్వా కోతలకీ, మళ్ళీ దాళ్వా కోతలకీ గళ్ళు ఖాళీ అవుతుంటే అది రోగి నిర్లక్ష్యం కాదు. మనం ఇచ్చిన తేదీ తప్పు. పని ఒత్తిడి మొదలవకముందే, నిలకడగా ఉన్నవాళ్ళకి రెండు నెలల మందులు ఒకేసారి ఇప్పించమని వైద్యుణ్ణి అడగండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి మాత్రం అలా ఇవ్వకూడదు. వాళ్ళకి వారం, పది రోజుల మందులే, అదీ ఇంట్లో మరొకరి చేతికి.

రెండో కారణం మందు చేసే ఇబ్బంది. ఇది ముందే చెప్పి ఉంటే సగం మంది మిగులుతారు. స్కిజోఫ్రెనియా లాంటి జబ్బులకి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో, ముఖ్యంగా కుర్రవాళ్ళకి, మెడ ఒక పక్కకి తిరిగి బిగుసుకుపోతుంది. కళ్ళు పైకి పోతాయి. నాలుక మందమై బయటికొస్తుంది. ఇంట్లోవాళ్ళు చూసేసరికి ఎలా ఉంటుందో ఆలోచించండి. మెడ తిరిగింది, గుడ్లు తేలేశాడు, మాట రావట్లేదు. గాలి సోకిందన్న అనుమానం అప్పటికే ఉన్న ఇంట్లో ఇక సందేహం ఉండదు. ఆ రాత్రే భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు, మందు కాలవలో పడేస్తారు. నిజానికి అది మందు వల్ల కండరాలు పట్టేయడం. పీహెచ్‌సీలో ఉండే ప్రొమెథజైన్ ఇంజక్షన్ కండకి చేస్తే సాధారణంగా అరగంటలో వదిలేస్తుంది. ఆ తర్వాత వైద్యుడు ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. మాత్ర కొన్నాళ్ళు కలుపుతారు, లేదంటే మందే మారుస్తారు. మందు ఇచ్చిన రోజునే ఇంట్లోవాళ్ళకి చెప్పండి: "మొదటి నాలుగు రోజుల్లో మెడ పట్టేసినట్టుంటే కంగారు పడకండి, నాకు ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా సరే." తర్వాత మూడో రోజున మీరే ఒకసారి వెళ్ళి చూడండి.

దిగులు జబ్బుకి ఇచ్చే ఫ్లూఆక్సిటిన్, ఎస్సిటాలోప్రామ్‌లతో ఇంకో చిక్కు. మొదటి వారంలో వికారం, కాస్త కంగారు వస్తాయి. గుణం కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే మొదట వచ్చేది ఇబ్బంది, తర్వాత వచ్చేది లాభం. ఆ సంగతి తెలియక పదో రోజున మానేస్తారు. నాలుగు వారాలు దాటి నెమ్మదించాక "తగ్గిపోయిందిగా" అని మళ్ళీ మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి.

బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం వాడేవాళ్ళ గురించి మన డెల్టాలో విడిగా చెప్పుకోవాలి. రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. రక్తం తీయాల్సింది ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి. రాత్రి 8కి వేసుకుంటే పొద్దున్న 8కి, మాత్ర వేసుకోకుండా రావాలి. వేసుకుని వస్తే రిపోర్టు ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా మోతాదు తగ్గిస్తారు. మే నెల ఎండలో రొయ్యల చెరువు గట్టు మీద చెమటలు కక్కుతూ నీళ్ళు తాగకుండా పనిచేసినా, విరేచనాలు పట్టుకున్నా, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా లిథియం పెరిగిపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటి: ఒళ్ళు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేయించుకోవడం, లేదా షాపులో ఐబూప్రొఫెన్ కొనుక్కోవడం. ఆ మందులు లిథియాన్ని కిడ్నీ బయటికి పంపకుండా చేస్తాయి. చేతులు గట్టిగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనిపిస్తే ఆ పూటే మాత్ర ఆపి ఆసుపత్రికి పంపాలి. తాగి తూలుతున్నాడని వదిలేయకండి. నొప్పికి పారాసెటమాల్ వాడుకోవచ్చు. మీ ఊళ్ళో ఆర్ఎంపీని కలిసి ఈ ఒక్క మాట చెప్పి రావడం నాలుగు శిక్షణ తరగతులతో సమానం.

అలాగే పని సంగతి. కొబ్బరి దింపు తీసే మనిషికి మగత తెచ్చే మందు మొదలుపెడితే మొదటి రెండు మూడు వారాలు చెట్టెక్కకూడదని చీటీ మీద రాయించండి. మూర్ఛ ఉన్నవాళ్ళు కాలవలోనూ చెరువులోనూ ఒంటరిగా దిగకూడదు. ఇంటి దగ్గర చెంబుతో పోసుకోవాలి. చెరువుల మీద రాత్రి కాపలా కాసే మనిషికి బైపోలార్ ఉంటే, వరసగా నాలుగు రాత్రులు నిద్ర లేకపోవడమే జబ్బు తిరగబెట్టడానికి చాలు. యజమానితో మాట్లాడి పగటి పనికి మార్పించాలి. అయితే జబ్బు పేరు చెప్పకుండా, "డాక్టరు గారు రాత్రిపూట మేలుకోవద్దన్నారు" అంటే సరిపోతుంది.

ఇక్కడే గోప్యత వస్తుంది. ఇందాక చెప్పిన 2017 చట్టంలోనే 23వ సెక్షన్ రోగి వివరాలు బయటపెట్టకూడదంటుంది. మీరు ఉండేది కూడా ఆ ఊళ్ళోనే, ఆ వీధిలోనే. పెళ్ళి సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు ముందు ఆరా తీసేది మిమ్మల్నే. ఏం అడిగినా "నాకు తెలీదండి" అనడం మీ ఉద్యోగంలో భాగం. మానసిక మందులకి వేరే వరస, వేరే రోజు పెట్టకండి. బీపీ, షుగర్ మందుల వరసలోనే, అదే రకం కవరులో ఇవ్వండి. నలుగురిలో పేరు పిలిచి "నీ నరాల మాత్రలు" అని అందించిన రోజే ఆ మనిషి ఆఖరిసారి వచ్చిన రోజు అవుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఇల్లు. వెనక వసారాలో మనిషిని గొలుసుతో స్తంభానికి కట్టేసి ఉంచారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమంలో మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. అదే చట్టం 95వ సెక్షన్ గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. కానీ ఆ ఇంట్లో అడుగు పెట్టగానే చట్టం చదివి వినిపిస్తే తలుపు మూసేస్తారు, గొలుసు అలాగే ఉంటుంది.

ముందు కూర్చోండి. కట్టేసి ఉన్న మనిషి కంటికి సమానంగా, చేతికందనంత దూరంలో, బయటికెళ్ళే దారికి అడ్డం కాకుండా. మొదట మాట్లాడాల్సింది అతనితో, అమ్మతో కాదు. వరస పెట్టి పిలవండి. "తమ్ముడూ, నేను ఫలానా, నీకు బాగోలేదంటే చూద్దామని వచ్చాను. మంచినీళ్ళు తాగుతావా?" జవాబు రాకపోయినా పర్వాలేదు. గొలుసు కింద చర్మం చూడండి, పుండు ఉందా, పాదం వాచిందా, అన్నం నీళ్ళు సరిగ్గా అందుతున్నాయా. ఆ తర్వాత అమ్మని అడగండి, దేనికి భయపడి కట్టారో. చాలాసార్లు జవాబు ఒకటే: వెనకాల కాలవ ఉంది, రాత్రి లేచి వెళ్ళిపోతాడని. అంటే ఆవిడకి కావాల్సింది గొలుసు కాదు, రాత్రి నిద్ర. పీహెచ్‌సీ వైద్యుడికి ఫోన్ చేయండి. 94వ సెక్షన్ ప్రకారం ప్రాణానికి గానీ తీవ్రమైన హానికి గానీ ప్రమాదముంటే ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా, రోగి తరఫు ప్రతినిధి (నామినేటెడ్ రిప్రజెంటేటివ్) అందుబాటులో ఉంటే వాళ్ళ సమ్మతితో, 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయవచ్చు. కాబట్టి "సైకియాట్రిస్టు వచ్చేదాకా ఏమీ చేయలేం" అనే మాట సరైంది కాదు. మందు పడి మనిషి నెమ్మదించిన ఆ రోజే, కుటుంబం కళ్ళెదుటే తాళం తీయించండి. మొదటి వారం రాత్రిళ్ళు మేలుకోవడానికి ఇద్దరు చుట్టాల్ని వంతులు వేయించండి, కాలవ వైపు తలుపుకి లోపల గడియ పెట్టించండి. మర్నాడు మళ్ళీ వెళ్ళండి. వెళ్ళకపోతే గొలుసు తిరిగి పడుతుంది. కుటుంబం కావాలనే హింసిస్తోందని అనుమానం ఉంటే అది వేరే సంగతి. అప్పుడు స్టేషనుకి చెప్పాలి, వాళ్ళు మేజిస్ట్రేటుకి నివేదించాలి.

గుడికో దర్గాకో మొక్కు ఉందంటే వద్దనకండి. "తప్పకుండా వెళ్ళండి, మాత్రలు కూడా సంచిలో పెట్టుకెళ్ళండి" అనండి.

ఆత్మహత్యకి ప్రయత్నించి బతికిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మొదటి వారాలు చాలా ప్రమాదం. అప్పుడే ఇంట్లోవాళ్ళు సిగ్గుతో తలుపులు వేసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు చోట్ల ఒక పద్ధతి పరీక్షించింది. ఆసుపత్రిలో గంటసేపు మాట్లాడి పంపించాక, 1, 2, 4, 7, 11 వారాలకీ, ఆ తర్వాత 4, 6, 12, 18 నెలలకీ ఎవరో ఒకరు ఫోన్ చేయడం, లేదా వెళ్ళి పలకరించడం. మొత్తం తొమ్మిదిసార్లు. అంతే. మామూలు వైద్యం పొందినవాళ్ళతో పోలిస్తే వీళ్ళలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. ఈ తొమ్మిది తేదీలూ రిజిస్టరులో ముందే వేసుకోండి. వెళ్ళినప్పుడు "చచ్చిపోవాలన్న ఆలోచన మళ్ళీ వస్తోందా" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. వస్తోందంటే ఒంటరిగా వదలకండి, 14416కి అక్కడి నుంచే ఫోన్ కలపండి. టెలీ మానస్ అది, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రీ పగలూ ఉచితం. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే అక్కడి నుంచి తీయించి వేరేచోట తాళం లోపల పెట్టించండి. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకురాని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా 2024 జూలై 1 నుంచి లేదు. ఈ మాట ఊళ్ళో పదిమందికీ తెలియాలి.

పింఛను గురించి క్లుప్తంగా. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో మానసిక జబ్బు వైకల్యాన్ని నాలుగు విషయాల్లో కొలుస్తారు: తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట, ఉపాధి. ఒక్కోదానికి 0 నుంచి 4. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో దానికి అదనంగా మార్కులు. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పింఛనుకి అర్హత, 2024 జూలై నుంచి అది నెలకి 6,000 రూపాయలు. తప్పు జరిగేది ఎక్కడంటే, ఆ రోజు తలంటి, ఇస్త్రీ చొక్కా వేసి, "బాగా సమాధానం చెప్పు" అని నేర్పించి తీసుకొస్తారు. వైద్యుడికి ఆ ఒక్క మంచి గంటే కనిపిస్తుంది. రోజూ ఎలా ఉంటాడో చెప్పగల మనిషి వెంట ఉండాలి. పాత చీటీలు ఉండాలి, అవి లేకపోతే ఏళ్ళ లెక్క నిలవదు.

ఆ చీటీలు మన దగ్గర వరదలో తడిసిపోతాయి. ఇది జూన్ ఆఖరు, కాబట్టి ఆ సంగతి ఇప్పుడే చూసుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటినప్పుడు లంకలు ఎలా మునిగాయో మీకు చెప్పక్కర్లేదు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక పడుతుంది. ఆ నీళ్ళు ధవళేశ్వరం దాటి మన పాయల్లోకి రావడానికి కాస్త వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధే మనది. హెచ్చరిక వినగానే రిజిస్టరు తీసి, లంకలో ఉన్న ప్రతి పేరుకీ నెల మందులు అందాయో లేదో చూడండి. మాత్రలూ చీటీ నకలూ రెండు పొరల పాలిథిన్ కవరులో కట్టి ఇంటి పెద్ద చేతికివ్వండి. చీటీని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

పునరావాస శిబిరంలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. రోజూ సారా తాగే మనిషికి అక్కడ అది దొరకదు. మొదటి రోజు వణుకు, చెమటలు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనపడడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలవుతాయి. పిచ్చెక్కిందని మూలకి కట్టేస్తారు. అది ప్రాణం తీసే స్థితి, 108 పిలవాలి. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్, అంటే బి1 ఇంజక్షన్, పడాలి. లేకపోతే మెదడు దెబ్బతినవచ్చు. శిబిరానికి పంపే మందుల పెట్టెలో థయమిన్, వణుకూ ఫిట్సూ తగ్గించే డయాజెపామ్ ఉన్నాయో లేదో ఫార్మసిస్టుని ముందే అడగండి. ఇల్లు మునిగినవాళ్ళని ఏం జరిగిందో చెప్పమని గుచ్చి గుచ్చి అడగకండి. చెప్పుకుంటే వినండి. వేడి అన్నం, పొడిబట్ట, తప్పిపోయిన మనిషి జాడ, పడుకోవడానికి మరుగు, ముందు ఇవి కావాలి.

రిజిస్టర్లు తెచ్చుకున్నవాళ్ళు ఈ బల్ల మీద పెట్టండి. ఏప్రిల్ నుంచి ఖాళీగా ఉన్న గళ్ళు చూద్దాం. ఒక్కో పేరూ చదవండి, ఆ ఇల్లు ఏ రేవు అవతల ఉందో, ఈ వారంలో ఎవరు వెళ్తారో పక్కనే రాసుకుందాం.